దిగువకు పోయినవి

గంటకి యాభై నిమిషాలు అద్దం ముందు,
పది నిమిషాలు కళ్లు మూసుకోవడానికి.
ఏటికి ఎదురీత అని అందరూ ఊరికే అంటారు గానీ
నాకు మాత్రం అది జీతమిచ్చే మాట.
కొలంబియా ఆనకట్ట అడుగున, సెల్లారులాంటి గదిలో
పచ్చటి నీటి కిటికీకి ఎదురుగా
చినూక్‌కి ఒక మీట, స్టీల్‌హెడ్‌కి ఒక మీట,
పాములా జారే ల్యాంప్రేకి ఇంకొకటి.
పద్నాలుగేళ్లుగా నొక్కుతున్నాను.

చేపల శాస్త్రంలో పట్టా ఉంది నాకు.
ఏదో ఒక పట్టా ఉన్నవాళ్లకే ఈ అడ్డదారి నర్సు చదువు.
నాలుగేళ్లది ఏడాదిలో, లేదా ఇంకాస్త మీద.
ఆ పట్టా దేనిదో వాళ్లకి పట్టదట.
"మనుషులకి మొప్పలు వెతికేవు, జాగ్రత్త"
అన్నాడు రాత్రి షిఫ్టు ఆర్విడ్.
నవ్వేసి ఇంటికెళ్లి అనాటమీ పుస్తకం తెరిస్తే
పిండం మెడ దగ్గర
ఆ మడతలు నిజంగానే ఉన్నాయి.

ఎందుకీ వయసులో అంటే
అందరికీ ఒకే జవాబు చెప్పను.
అమ్మకి: జీతం, బీమా.
బ్యాంకులో: ఉద్యోగానికి ఢోకా లేదు.
అసలు సంగతి మార్చిలో, హెర్మిస్టన్ ఆసుపత్రిలో
మా తమ్ముడు నెల్స్ ఆఖరి రాత్రి.
మింగలేని ఆ నోటిని తడి స్పాంజితో తుడుస్తూ
రోసాల్వా అనే నర్సు ముందే చెప్పేది.
"ఇప్పుడు ఎడమ బుగ్గ, నెల్స్.
ఇప్పుడు నాలుక కింద."
వాడికి వినిపిస్తోందో లేదో ఎవరికీ తెలియదు.
చెప్పకుండా మాత్రం ఒక్కసారీ ముట్టుకోలేదు ఆవిడ.

వంటింటి బల్ల మీద రెండు కాగితాలు.
పోర్ట్‌లాండ్ కాలేజీ, పన్నెండు నెలలు:
నిగనిగలాడే అట్ట, నీలం దుస్తుల్లో తెల్లటి పళ్లు.
యాకిమా కాలేజీ, పదహారు నెలలు:
వంకరగా పడిన జిరాక్స్, మూల తుప్పు పిన్ను.
ఎందులో చేరినా ఉద్యోగం మానాలి.
మైక్రోబయాలజీ మళ్లీ చదవాలి, నాది పాతబడిందట.
పడవ అమ్మాలి. అది నెల్స్ పడవ,
వాడి చేతి తొడుగులు ఇంకా అందులోనే ఉన్నాయి.
పెన్సిలు పట్టి ఫీజు, అద్దె, పెట్రోలు,
నాలుగు నెలల జీతం తేడా వేసుకుంటే
ప్రతి వరుసలోనూ పన్నెండే గెలిచింది.

ఆ పది నిమిషాల విరామంలోనే రెండుచోట్లకీ ఫోన్ చేశాను.
ఎంతమంది చేరారు, ఎంతమంది చివరిదాకా ఉన్నారు?
పోర్ట్‌లాండ్ గొంతు తేనె.
"లైసెన్సు పరీక్ష రాసినవాళ్లలో నూటికి తొంభైఆరు పాసండీ."
రాసేదాకా రానివాళ్లు?
"ఆ వివరం మా దగ్గర ఉండదు."

యాకిమాలో ఎత్తింది బెర్నీస్ అనే ఆవిడ.
సొరుగు లాగిన చప్పుడు వినిపించింది.
"నలభైమంది చేరారు. ముప్పైఒక్కరు మిగిలారు.
ఒకామెకి కవలలు పుట్టారు.
ఒకబ్బాయి వార్డులో మొదటిరోజే కళ్లు తిరిగి పడ్డాడు, మరి రాలేదు.
ఇద్దరికి డబ్బు చాల్లేదు. ముగ్గురిని ఫార్మకాలజీ దెబ్బకొట్టింది.
ఒకమ్మాయి చెప్పకుండా పోయింది, రెండుసార్లు ఫోన్ చేశాను.
ఇంకొకరు..."
ఆగింది.
"ఆ సంగతి నేను చెప్పకూడదు.
మీ పేరేమన్నారు?"
ఇర్మా. ఇర్మా హాల్వర్సన్.

ఈ గదిలో కొత్తగా చేరినవాళ్లకి
మొట్టమొదట నేర్పేది పైకెక్కే చేపల్ని గురించి కాదు.
అలిసిపోయి వెనక్కి జారినదాన్నీ నొక్కాలి.
దానికి వేరే మీట, ఎర్రది.
అది నొక్కకపోతే ఆ రోజు లెక్క
చూడ్డానికి బావుంటుంది.
అంతే, చూడ్డానికి.

విరామం అయిపోయింది, కుర్చీ ముందుకి లాక్కున్నాను.
పెద్ద చినూక్ ఒకటి కిటికీ నడుమ నిలబడి
తోక ఆడిస్తోంది, ముందుకీ పోదు, వెనక్కీ పోదు.
రెండు మీటల మీదా చెరో వేలు పెట్టి
తొందరేం లేదులే అన్నాను దానితో.

సాయంత్రం పడవ చూడ్డానికి ఎవరో వస్తున్నారు.
ఈలోపు తొడుగులు తీసి లోపల పెట్టుకోవాలి.