రాత్రి రెండింటికి

వైదేహి లాయరమ్మ పెన్ను మూత తీసి
ఖాళీ గడి దగ్గర ఆగింది.
"సువార్తమ్మా, ఎంతని రాయమంటావ్?"

ఒంగోలు వినియోగదారుల కమిషను మెట్ల పక్కన
జెరాక్సు మిషను వేడివేడిగా కాగితాలు కక్కుతోంది.
పేజీ రెండు రూపాయలు.
నా చెయ్యి మూడు కాపీలు.

ఎంతని చెప్పను.
టంగుటూరు కంపెనీ షెడ్డులో
పదహారేళ్లు పొగాకు గ్రేడు చేసిన చెయ్యి ఇది.
ఆకును చూడక్కర్లేదు నాకు,
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కసారి జారితే చాలు,
పదునెంతో, ఎన్నో రెలుపుదో చెప్పేదాన్ని.
మేస్త్రీ కళ్లద్దాలు తుడుచుకునేలోపు
మూడు కుప్పలు పడేవి నా ముందు.

ఇప్పుడూ వేళ్లున్నాయి. లెక్కకు ఐదూ ఉన్నాయి.
ఎవరో ఏదో దాచమని ఇచ్చినట్టు
ముడుచుకున్నాయి, తెరుచుకోవు.

లారీ మీంచి బేలు జారి ముంజెయ్యి విరిగింది.
అది నా ఖర్మ. దాని మీద కేసు లేదు.
కేసు కట్టు మీద.

సాయంత్రం ఆరింటికి బిగించి కట్టి
డాక్టరు కారెక్కాడు.
తొమ్మిదింటికి తిమ్మిరి.
పదకొండింటికి గోళ్ల కింద నేరేడు రంగు.
"కట్టు కాస్త కొయ్యండయ్యా" అన్నాను.
"ఎముక విరిగితే నొప్పుండదా, ఓర్చుకో"
సెల్లులోంచి తలెత్తకుండా కాంపౌండరు.
రెండింటికి మళ్లీ అడిగాను.
నాలుగింటికి అడగలేదు.
చేతిలో నొప్పి పోయింది,
తగ్గిందనుకుని సంతోషపడ్డాను కూడా.

పొద్దున పదింటికి డాక్టరొచ్చి కట్టు కోశాడు.
కోసి, ఏమీ అనలేదు.
ఆయన ఏమీ అనకపోవడం నాకింకా వినపడతానే ఉంది.

రెండు నోటీసులిస్తే నలభై రోజులకి కేస్ షీటొచ్చింది.
లాయరమ్మ వేలుపెట్టి చదివింది:
"రాత్రి రెండు గంటలు. రోగి నిద్రపోతున్నది.
ఫిర్యాదులు లేవు."

నా బతుకులో నేను రెప్పవెయ్యని రాత్రి ఒక్కటుంటే
దానికే నిద్ర రాసిపెట్టారు.

అందుకే చెప్పాను,
"డబ్బు సంగతి నువ్వే రాసుకోమ్మా, లక్షలు నాకు లెక్క తెలీదు.
ఆ టయానికి నేను మెలకువగా ఉన్నానని మాత్రం
ఎట్టాగైనా ఎక్కించు."

నిపుణుడి అభిప్రాయం కావాలంట.
కావలి పోయాం, గుంటూరు పోయాం.
ముగ్గురు డాక్టర్లు నా చెయ్యి పట్టుకుని తిప్పి చూశారు.
ముగ్గురూ తప్పేనన్నారు, నోటితో.
కాగితం మీద అనమంటే
ఒకాయన గడియారం చూశాడు, ఒకాయన మాకు టీ తెప్పించాడు,
మూడో ఆయన "మేమంతా ఒకచోట చదువుకున్నోళ్లమమ్మా" అన్నాడు.

మేమూ ఒకచోట కూర్చుని గ్రేడు చేసినోళ్లమే.
పక్కామె మచ్చాకును మేలాకులో వేస్తే
తీసి ఇవతల పడేసేవాళ్లం.
ఆమె మాతోనే అన్నం తినేది ఆ మధ్యాన్నం కూడా.

చివరికి పొదిలి నుంచి ఖాదర్‌బీ వచ్చింది.
ఆ వార్డులో పక్క మంచం, తుంటి ఎముక.
నాలుగుకాళ్ల కర్ర టకటకమంటా బోనెక్కింది.
"అర్ధరాత్రి రెండని నీకెట్టా తెలుసు?
గడియారం చూశావా?" వాళ్ల వకీలు.

"చూళ్లేదు బాబూ. రెండింటికి నాకు సూది.
ఆ సూది వెయ్యడానికొచ్చినాయన్నే ఈమె బతిమాలింది.
నా కాగితం కూడా మీ దగ్గరే ఉంటదిగా,
తియ్యండి."

ఫ్యాను తిరుగుతోంది.
వకీలు ఫైలు మూసి గడువు కావాలన్నాడు.
ఇచ్చారు. వచ్చే నెల పద్దెనిమిది.

టంగుటూరు బస్సులో కండక్టరు
టికెట్టూ చిల్లరా నా కుడిచేతిలో పెట్టబోయి
ఆగాడు, చూశాడు,
ఎడమచేతికి అందించి ముందుకు పోయాడు.

చూడ్డానికి ఆయనకి
అరక్షణం పట్టిందేమో.