తొమ్మిది పాయింట్ నాలుగు

నాలుగు నెలలు ఊరేగి
సరిహద్దు దాటి తిరిగొచ్చింది పార్సెల్.
హామిల్టన్‌లో ఆ రోజు మంచు, మంచుమీద వాన,
దానిమీద ఉక్కు కొలిమి మసి.
వంటింటి బల్లమీద మూడు పొరల బబుల్ కవరు
పసిపిల్లకి చలికోటు విప్పినట్టు విప్పాను.

తొమ్మిది పాయింట్ నాలుగు!
అరవై మూడు నాటి పన్నెండు సెంట్ల కాగితానికి
ఎవరో తెల్ల గ్లవుజులవాడు వేసిన మార్కులు.
అట్టమీద గాజు టోపీ పెట్టుకున్న ఈతగత్తె,
ఆమె నడుముకి చుట్టుకున్న ఆక్టోపస్,
వెనక పచ్చటి సముద్రం, నిన్న అచ్చేసినట్టు.

అప్పుడు కనబడింది,
ఆమె మోకాలి పక్కన ఒక వెంట్రుక.
బొమ్మలోది కాదు, పెట్టె లోపలిది.
ఎవరి కనురెప్పదో, కాస్త వంకర తిరిగి,
నా పుస్తకంతో పాటు సీలు వేయించుకుని
నాకంటే ఎక్కువ కాలం బతకబోతోంది.

దీపం కిందికి వంచితే ఇంకోటి.
పెట్రోలు బంకులో వాననీటి గుంటమీద తేలే రంగుల్లా
వలయాలు వలయాలు,
లోపలి పొర బయటి పొరకి అంటుకున్న చోటల్లా.
ఆక్టోపస్‌కి తొమ్మిదో చెయ్యి మొలిచినట్టుంది.

కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోను?
చెప్పుకున్నాను. ఫోన్లో ఓ మర్యాదగల అమ్మాయి,
“అది లోపం కాదండీ, ప్లాస్టిక్ స్వభావం” అంది.
వెంట్రుక సంగతి అడిగితే కాసేపు పాట వినిపించి
మళ్ళీ పంపమంది. మళ్ళీ రుసుము, మళ్ళీ తొంభై రోజులు.
నంబరు అదే వస్తుందని మాత్రం మాట ఇవ్వలేదట.

గురువారం ఉక్రేనియన్ చర్చి నేలమాళిగలో
మా నలుగురి సభ.
మర్డో పెట్టెకి మూల బీటలు వారింది.
ఒరెస్ట్ పుస్తకం లోపల జారుతుంది, ఊపితే గిలక్కాయ.
ఇల్సే ట్వీడీ కొత్త పెట్టెమీద గీత పడితే
టూత్‌పేస్ట్ పెట్టి రుద్దుతోంది వారం నుంచి,
ఇప్పుడు గీత లేదు, మబ్బుంది.
ట్యూబులైటుకి ఎత్తి పట్టుకుని
ఎక్స్‌రేలు చూసే డాక్టర్లలా తల ఊపాం.
నా వెంట్రుక ఆ పూటకి గెలిచింది.

ఒరెస్ట్ మనవరాలు టిల్డా
కెచప్ చిప్స్ నములుతూ నా మోచేతి కిందనుంచి తొంగిచూసింది.
“ఈమె బయటపడుతుందా?”

మర్డో నన్ను చూశాడు. నేను ఇల్సేని చూశాను.
ఒకప్పుడు నాకు తెలుసు.
తొమ్మిదేళ్ళప్పుడు దుప్పట్లో టార్చిలైటు పెట్టుకుని చదివాను.
నా ప్రతిని అమ్మ కొలిమి రాజెయ్యడానికి వాడింది.
అచ్చుకి ముందు కాగితం ఏ రకమో చెప్పగలను,
పిన్నులు ఎన్ని మిల్లీమీటర్లో చెప్పగలను.
కథ మాత్రం జారిపోయింది.

డాలరు డబ్బాలో అదే సంచిక ఇంకోటి దొరికింది,
అట్ట లేదు, అంచులు ఎలుక కొట్టింది.
టిల్డా సిమెంటు నేలమీద బోర్లా పడుకుని
ఎర్ర వేళ్ళతో పేజీలు తిప్పుతూ పైకి చదివింది.
మేము కుర్చీలు దగ్గరికి జరుపుకున్నాం.
గాజు టోపీమీద సన్నటి బీట,
నీళ్ళు గడ్డందాకా వచ్చాయి,
ఆమె కత్తి కోసం చెయ్యి చాపింది.

“ఆఖరి పేజీ లేదు తాతా” అంది టిల్డా,
ఒరెస్ట్‌ని కాదు, నన్ను చూసి.

ఇప్పుడు రాత్రి పదకొండు.
బల్లమీద పెట్టె, పక్కన చదును మూతి స్క్రూడ్రైవర్.
తెరిస్తే నంబరు పోతుంది, దాంతో పాటు
ఇంటి కప్పు రిపేరంత డబ్బు.
తెరవకపోతే వచ్చే గురువారం ఆ పిల్లకేం చెప్పను?
దీపం కదిపితే వలయాలూ కదులుతున్నాయి
ఆమె ముఖంమీద, అచ్చం నీళ్ళలా.

మూలల దగ్గర ప్లాస్టిక్ బలహీనమని మర్డో అన్నాడు.
బొటనవేలు పెట్టి, ఊరికే, కొంచెం నొక్కి చూశాను.
కిర్రుమంది.