కింది దవడ, ఎడమవైపు

మునిసిపాలిటీ నుంచి వచ్చిన చీటీలో
నాలుగే ముక్కలు:
పేరు లీబాన్. వయసు ఇరవై ఆరు.
కింది దవడ, ఎడమవైపు. ఖర్చు మాది.
సిరియా అన్న మాట ఎక్కడా లేదు.
అక్కర్లేదు. రాండర్స్ చిన్న ఊరు,
అతను రైలు దిగకముందే
అతని సంగతి రొట్టెల కొట్టుకు చేరింది.

మెరెటె, పన్నెండేళ్లుగా
అడక్కముందే అద్దం చేతికందించే నా నర్సు,
ఇవాళ ట్రే బల్లమీద పెట్టేసి
కిటికీ దగ్గర నిలబడింది.
అవతల గూదెన్ నది మీద పిండి చల్లినట్టు మంచు.
ఆమె తమ్ముడూ ఎడారికి వెళ్లాడు.
డెన్మార్క్ యూనిఫాం వేసి పంపితే వెళ్లాడు.
తిరిగొచ్చాక వాడి నిద్రకు
ఎవరూ చీటీ రాయలేదు.

"నోరు తెరువు" అన్నాను.
రోజుకు ముప్పైసార్లు అనే మాటే.
ఇతనితో ఇదే మాట
పోలీసులు పదకొండు గంటలు అన్నారట.
అక్కడ తెరుచుకోని నోరు
ఇక్కడ బడిపిల్లాడిలా తెరుచుకుంది.

లోపల:
రెండేళ్లు చక్కెర టీతో బతికిన గార.
తుపాకీ మడమ తగిలి సగానికి విరిగిన దంతం.
నిద్రలో కొరికి కొరికి
బల్లపరుపుగా అరిగిన దవడపళ్లు.
పంటి బిగువున ఓర్చుకున్నదేమిటో,
పంటి బిగువున చేసిందేమిటో,
అరుగుదల మాత్రం ఒక్కలాగే ఉంటుంది.
ఆ తేడా పట్టే ఎక్స్‌రే నా దగ్గర లేదు.

బయట బెంచీ మీద ఓల్గార్డ్ గారు.
డెబ్భై తొమ్మిదేళ్లు.
చేపల ఫ్యాక్టరీలో ముప్పై ఎనిమిదేళ్లు
ఐసునీళ్లలో నానిన చేతులు.
పైవరస కోసం ఏడు నెలలుగా క్యూలో ఉంది,
రొట్టె అంచులు కాఫీలో ముంచుకుని తింటోంది.
తలుపు సందులోంచి వినపడేలా అంది:
"పన్ను కట్టినదాన్ని నేను.
పన్ను కట్టించుకునేది వాడు."

ఆమెకు చెప్పే జవాబు
నా నాలుక చివర దొరకలేదు.
లోలోపలే నములుకున్నాను:
కుళ్లిన పన్నును వదిలేస్తే
దానంతట అది పశ్చాత్తాపపడదు,
చీము దారి వెతుక్కుంటుంది,
దవడలోంచి మెడకు, మెడలోంచి...

సరే. కానీ మనిషి పన్ను కాదుగా.
పన్ను తనంతట తాను విమానం ఎక్కదు.
ఉపమానాలు నా వృత్తిలో చవక.
అతను కాపలా కాసిన వీధిలో
ఎవరి దవడ ఎవరు కట్టారు?
ఆ చీటీ ఏ మునిసిపాలిటీ పంపింది?

సూది చూడగానే నా మణికట్టు పట్టుకున్నాడు.
"మత్తు వద్దు."
శిక్ష అనుకున్నాడో, పౌరుషం అనుకున్నాడో.
"నీకోసం కాదు" అన్నాను,
"నువ్వు కదిలితే నా చెయ్యి తప్పుతుంది."
నవ్వబోయి,
విరిగిన పన్ను గుర్తొచ్చి కాబోలు, మూతి ముడిచాడు.

డ్రిల్లు మొదలయ్యాక
మెరెటె కిటికీ దగ్గర్నుంచి కదిలింది.
అద్దం నా చేతిలో పెట్టింది.
గొట్టం అతని పెదవి మూలన ఆనించింది,
కళ్లు మాత్రం గోడమీది కేలండర్ మీదే.
నలభై నిమిషాలూ జనవరినే చదివింది.

దిగుతూ, మొద్దుబారిన పెదవితో అడిగాడు:
"ఇక దీంతో కొరకొచ్చా?"
"రెండు గంటలు ఆగు."
తల ఊపాడు. టోపీ పెట్టుకున్నాడు.
బెంచీ దాటేటప్పుడు ఓల్గార్డ్ గారి చేతికర్ర
దారికి అడ్డంగా ఉంది. ఆగాడు.
ఆమె దాన్ని, తొందరేమీ లేకుండా, పక్కకు జరిపింది.

చీటీ వెనక రెండు గళ్లు:
పని పూర్తయిందా, అవును, కాదు.
ఏదీ నింపలేదు.
"మళ్లీ రావాలి" అని అంచున రాశాను.

కొలతకని ఆమె లోపలికొచ్చింది.
కుర్చీలో కూర్చుని
చేతిపట్టీల మీద రెండు చేతులూ ఆనించి
ఒక్క క్షణం ఆగింది.
"ఇంకా వెచ్చగానే ఉంది" అంది.
కోటు విప్పకుండానే
నోరు తెరిచింది.