లాకు వెనక

మార్చి నెలాఖరులోగా సంతకం పెట్టాలి.
ఏడాది అద్దె. పడవ పొడుగుని బట్టి, మీటరుకింత.
వంటింటి బల్ల మీద ఆ కాగితం
టీ మరకతో పది రోజులుగా పడి ఉంది.

మా బ్రిస్టల్ ఛానల్లో సముద్రం
పన్నెండు మీటర్లు లేస్తుంది, పన్నెండు మీటర్లు దిగుతుంది,
రోజుకి రెండుసార్లు
నాలుగంతస్తుల మేడ కట్టి కూల్చినట్టు.
లాకు లోపల నీళ్ళు మాత్రం
నిండుకుండ. తొణకవు.

ఇద్వల్‌కి అదే ఇష్టం.
"రాత్రి గాలి హోరెత్తినా పక్క మీంచి లేవక్కర్లేదు చూడు" అంటాడు.
నిజమే.
తాళ్ళు ఒకసారి కడితే కట్టినట్టే.
మోకాలి నొప్పితో కూడా, చేతిలో కప్పు ఒలక్కుండా
పడవలోకి అడుగు పెట్టొచ్చు.
కరెంటుంది. కుళాయుంది.
ఒడ్డున స్నానానికి వేడి నీళ్ళు,
ఇరవై పెన్నీల బిళ్ళ వేస్తే నాలుగు నిమిషాలు.

సుఖానికి ఖర్చు ఇంకో పేజీలో రాసి ఉంటుంది.
పోటుకి ముందు మూడు గంటలు, తర్వాత మూడు గంటలు,
తలుపులు తెరిచేది అప్పుడే.
గాలి బాగున్న పూట పోటుండదు,
పోటున్న పూట మన ముందు పదకొండు పడవలుంటాయి.
కిందటి ఆగస్టులో లండీ దీవి నుంచి వస్తూ
ఏడంటే ఏడు నిమిషాలు ఆలస్యమయ్యాం.
రేడియోలో డెల్విన్, పాపం మర్యాదగానే,
"మళ్ళీ తెల్లారగట్ల నాలుగున్నరకే, నెస్ట్" అన్నాడు.
గోడ మీది దీపం కనిపిస్తోంది.
దాని కింద మా కారు కూడా.
బయట బోయాకి కట్టుకుని
రాత్రంతా పేగులు నోట్లోకొచ్చేలా ఊగాం.
అంతకు ముందేడు నవంబరులో తలుపు ఇరుసు విరిగింది.
పంతొమ్మిది రోజులు.
లోపలున్న వాళ్ళం లోపలే.
సముద్రం అవతల తన పని తాను చేసుకుంటోంది.

నేను పెరిగింది రెండు మలుపుల అవతల, బురద రేవులో.
అక్కడ ఎవరి అనుమతీ అడగక్కర్లేదు, చంద్రుడిది తప్ప.
ఆటుకి నీళ్ళు జారిపోతే పడవ
రెండు కాళ్ళ మీద బాతులా నిలబడేది.
మా నాన్న బూట్లతో దిగి, చీపురుతో దాని పొట్ట తోమి,
కానీ ఖర్చు లేకుండా గుల్లలు గీకేవాడు.
ఇప్పుడదే పనికి క్రేను. క్రేనుకి మూడొందల పౌండ్లు.
ఇక్కడి నిలవ నీళ్ళలో గుల్లలు తక్కువే అనుకో,
పచ్చటి నాచు మాత్రం గడ్డంలా పెరుగుతుంది.

ఆ రేవులో పడుకున్న రాత్రులు...
కింద నేల, ఓ పక్కకి ఒరిగిన మంచం.
ఏ మూడింటికో బురదలో సన్నగా చిటపట,
చెక్కల వెంట గుటక వేసినంత చప్పుడు,
ఒక ఊపు,
పడవ లేచేది.
నా పక్కనే ఎవరో ఒత్తిగిల్లినట్టు.
లాకు లోపల పడవ ఎప్పుడూ లేవదు,
ఎందుకంటే ఎప్పుడూ పడుకోదు.
ఈ మాటంటే ఇద్వల్ "నువ్వు మరీనూ" అంటాడు.

సరే, జనవరి సంగతి కూడా చెప్పాలి.
పడమటి గాలి, పౌర్ణమి పోటు, రెండూ ఒకే రాత్రి.
బురద రేవులో కారడాగ్ ప్రొస్సర్ పడవ గొలుసు తెంపుకుంది.
పొద్దున నలుగురం మోకాలి లోతు బురదలో వెతికాం.
దొరికినవి: ఒక కెటిల్, చుక్కాని పిడి,
మూత బిగించిన డబ్బాలో అగ్గిపెట్టె.
కారడాగ్ ఒక పుల్ల గీశాడు. వెలిగింది.
వేలు కాలేదాకా పట్టుకుని నిలబడ్డాడు.
తిరిగొస్తూ లాకు దగ్గర ఆగాను.
మా పడవ, తాడైనా బిగుసుకోకుండా ఉంది.
దాని మొహం చూడబుద్ధి కాలేదు.

ఇవాళ సంతకం పెట్టాను.
ఇద్వల్ మోకాలు, ఆ అగ్గిపుల్ల.
ఏడాదికి కాదు, ఆర్నెల్లకి. రేటెక్కువే, తెలుసు.
అటక మీద పాత రేవు తాళ్ళున్నాయి,
ఒక్కోటి పదిహేను బారలు.
ఇక్కడ అంత పొడుగుతో పనేం లేదు.
"అమ్మేద్దామా?" అన్నాడు.
వినపడనట్టు కప్పులు కడుగుతున్నాను.