మెనూ కార్డు వెనకవైపు

ఎగ్మోరు రికార్డాఫీసులో
నా బల్ల కిటికీ పక్కన.
మైదా జిగురులో మైలుతుత్తం కలిపి
పురుగుకు చేదు, కాగితానికి ఆయువు వడ్డిస్తాను.
పదకొండేళ్ళుగా ఇదే వంట.
గోటి అంచున ఆ నీలిమరక
పెళ్ళిళ్ళకు గోరింటాకు పెట్టుకున్నా దాగదు.

ఈ వారం కట్ట హార్బరు లెక్కలు,
పందొమ్మిది వందల పదకొండు.
ముడి విప్పితే గోధుమరంగు పొడి, తుమ్ము,
నడుమ ఒక గట్టి అట్టముక్క.
బంగారపు అంచు. ఓడ బొమ్మ.
ఎలినోర్ డేన్.
లివర్‌పూల్ నుంచి న్యూయార్కు, మొదటి తరగతి, రాత్రి భోజనం:
తాబేలు సూపు
పుదీనా పచ్చడితో గొర్రెపిల్ల మాంసం
ఐసు మీద ద్రాక్ష.

మిగతాది రిజిస్టరు చెప్పింది.
అట్లాంటిక్ మీద పదిహేడేళ్ళు తిరిగి
మోకాళ్ళరిగిన ఓడ
చవకబేరంలో మద్రాసు చేరింది.
పినాకిని అని పేరు మార్చారు.
పూసిన తెల్లరంగు వానకు పలచబడి
రెండు పేర్లూ ఒక్కసారే కనబడుతున్నాయని
ఎవరో ఇన్‌స్పెక్టరు ఫిర్యాదు.
పింగాణీతో, దుప్పట్లతో పాటు
మిగిలిపోయిన మెనూ కార్డుల దొంతర కూడా
అమ్మకంలోనే వచ్చింది.
దండగెందుకని
వెనకవైపు లెక్క రాసుకున్నాడో గుమాస్తా.

తిప్పాను.
పెన్సిలు. తెలుగు. వాలుగా, తొందరతొందరగా.
రంగూను. డెక్కు జనం 612.
బియ్యం బస్తాలు 40.
చింతపండు అర మణుగు, కొట్టేసి, పావు.
నీళ్ళ పీపాలు... అంకె మీదుగా చెద నడిచి వెళ్ళింది.
కింద పేర్లు. అందరివీ కావు,
టిక్కెట్టు బాకీ పడ్డవాళ్ళవి.
తడ చెంగయ్య, రూపాయి ముప్పావు.
సూళ్ళూరు పోలమ్మ, పన్నెండణాలు.
ఆమె చంకలోది, లెక్కలేదు.
ఆ "లెక్కలేదు" కింద
రెండు గీతలు గీశాడు, గట్టిగా.
తోసెయ్యడానికో
రేపెవడైనా డబ్బడిగితే అడ్డం పడడానికో.

దేవసహాయం గారు కళ్ళద్దాలు నుదుటికెత్తి
"బంగారంచు పైకి రావాలమ్మా, వచ్చే నెల ఎగ్జిబిషను.
వెనక మందపు కాగితం అంటించెయ్యి,
ఆ గిలుకుళ్ళు ఎవరు చూస్తారు" అన్నారు తమిళంలో.
చెడ్డవాడు కాడు.
తెలుగు చదవడం రాదు, అంతే.
సరేనన్నాను.
సరేననడం నా జీతంలో ఒక భాగం.

మధ్యాహ్నం డబ్బాలో పులుసన్నం.
ఆరొందల పన్నెండు మందికి
పావు మణుగు చింతపండు;
వేళ్ళ మీద ఎంతసేపు లెక్కేసినా
మనిషికి ఎంత పులుపో తేలలేదు.
సగం వదిలేసి చెయ్యి కడిగాను.

స్టోరులో షిఫాన్ గుడ్డ ఉంది,
జిగురు తాగి ఆరితే ఉందా లేదా తెలియనంత పలచన.
గజాల్లెక్కన సంతకం పెట్టి తీసుకోవాలి.
ఒక కార్డుకు రెండు ముక్కలు తీసుకున్నాను.
కారణం అన్న గడి దగ్గర
పెన్ను చాలాసేపు ఆగింది.
"ముఖాలు రెండు" అని రాశాను.

అయిదున్నరకు ఆరింది.
బంగారంచు పైకి తిప్పి
బుడగలున్నాయేమోనని వేలితో నిమురుతుంటే
ద్రాక్ష అన్న మాట కింద
ఏదో ఉబ్బు.
రెండు గీతలు.

వచ్చే నెల అద్దం కింద పెడతారు.
ఇక ఎవరి వేలూ తగలదు.
తాంబరం బండి కూత వినబడింది.
లేవబోయి
ఇంకొక్కసారి తడిమాను.