నీడ ఎటు పడింది

షార్జాలో రోలా పార్కు వెనక, మూడో అంతస్తులో,
ఏసీ గొంతు బొంగురుపోయిన గదిలో
రాత్రి ఏడున్నరకి మా క్లాసు.
పొద్దంతా సూపర్ మార్కెట్లో బిల్లులు కొట్టి వచ్చే భూమేశ్,
ఆస్పత్రి యూనిఫాంలోనే పరిగెత్తుకొచ్చే జిస్న,
కైరో పిల్ల ఉమైమా,
నిద్రనీ నోటుబుక్కునీ ఒకే సంచిలో మోసుకొచ్చే ఇంకో పదకొండు మంది.

అక్కడ ఎన్నికలు.
ఇక్కడ మాలో ఎవరి వేలికీ సిరా అంటదు.
ఫోన్లకి మాత్రం బాగా అంటుకుంది.

మొదటివారం నేనేమీ చెప్పలేదు.
ఒకే సభ మీద నాలుగు పేపర్లు తెచ్చి బల్లమీద పరిచాను.
ఒకదాంట్లో జనసంద్రం.
ఒకదాంట్లో ఖాళీ కుర్చీలు.
ఒకదాంట్లో నాయకుడి చెయ్యి ఒక్కటే, ఆకాశంలో.
నాలుగోదాంట్లో అసలా సభే జరగలేదు.
"ఇందులో అబద్ధం ఏది టీచర్?" అంది జిస్న.
ఏదీ కాకపోవచ్చు అన్నాను.
కెమెరా ఎక్కడ నిలబడిందో అడుగు.
ఎంత ఎత్తున, ఎవరు వేసిన నిచ్చెన మీద.

'భారీగా' అని కనిపించిన ప్రతిచోటా గీత గీయమన్నాను.
ఎర్రపెన్నులు రెండు అయిపోయాయి.
'విశ్వసనీయ వర్గాలు' అన్నచోట
ఆ వర్గాలకి ఒక ముఖం గీసి చూపించమన్నాను.
ఉమైమా గుండ్రంగా ఒక సున్నా చుట్టి,
మా వైపూ ఇలాగే ఉంటారు వీళ్ళు, అని నవ్వింది.
సర్వే అంకె పక్కన రాయమన్నాను:
ఎందరిని అడిగారు? ఏ వేళప్పుడు?
తలుపు తీసినవాళ్ళెవరు, తీయనివాళ్ళెవరు?
భూమేశ్ తన కాగితం మీద ఒకటే రాశాడు:
మా అమ్మను ఎవ్వరూ అడగలే.

నిప్పు లేనిదే పొగ రాదంటారు.
ఈ రోజుల్లో పొగ ముందే వస్తుంది,
నిప్పుని తర్వాత వెతికి తెచ్చి కింద పెడతారు.
ఈ మాట అని, నేనే కాస్త మురిసిపోయాను కూడా.

ఆ మంగళవారం నా ఫోన్లోకి ఒక ఫోటో వచ్చింది.
"సాయంత్రం నాలుగు గంటలు. మండుటెండలో లక్షమంది."
నాకు నచ్చిన జెండాలే. 
గుండె బెత్తెడు పెరిగింది.
నలభై మందికి పంపి, క్లాసులో గోడమీద వేసి
ఇదిగో, ఒక్క ఫోటో చాలు చూడండి అన్నాను.
కెమెరా ఎక్కడుందో అడగలేదు.

భూమేశ్ ఏమీ అనలేదు.
శుక్రవారం సజ్జా క్యాంపుకి పోయి
మేనమామ లింబాద్రికి చూపించాడట.
ఇరవై రెండేళ్ళుగా పరంజాల మీద బతికే మనిషి.
పైవారం, సెలవు తీసుకుని, ఆయన గొంతు వినిపించాడు:

"మేడంకు చెప్పురా భూమేశా,
గిది నాలుగ్గొట్టంగ తీసింది గాదు.
నీడలు సూడుమను, కాళ్ల కిందనే ముడుసుకొని కూసున్నయి.
నాలుగింటికైతే నీడ మనిషి కన్న పొడుగైతది.
ఎండాకాలం పన్నెండున్నరకు పని బంద్‌జేసి
మేం పరంజ దిగేటాల్లకు గిట్లనే ఉంటది నీడ.
ఎవలకు ఓటెయ్యాల్నో నేను జెప్త లేను.
నీడ ముచ్చటే జెప్తున్న."

ఏసీ ఒక్కటే మాట్లాడింది చాలాసేపు.

వెతికాను. మూడేళ్ళ కిందటి ఫోటో.
వేరే జిల్లా. సభ కాదు, జాతర.
తప్పు పంపానని మళ్ళీ నలభై మందికీ రాశాను.
ఇద్దరు చూశారు.
ఒకరు అడిగారు: అయితే ఏంటి?

ఇప్పుడు పాఠం మార్చాను.
నచ్చని వార్తలో తప్పు పట్టడానికి మార్కుల్లేవు,
అది ఎవరైనా చేస్తారు.
నచ్చినదాన్ని తీసుకురండి, ఎర్రపెన్నుతో సహా.
మొదటి కాగితం నాదే పెట్టాను.

క్లాసు వదిలాక స్టాపులో నిలబడ్డాను.
చుట్టూ నాలుగు వీధిదీపాలు,
నా కాళ్ళ దగ్గర నాలుగు నీడలు.
ఏది ఏ దీపానిదో చూసుకుంటుంటే
బస్సు వెళ్ళిపోయింది.