కత్తిరించిన నలభై సెకన్లు

కురమోచి గారి మెడలో ఎప్పుడూ
ఒక స్టాప్‌వాచ్ వేలాడేది.
పెళ్లి ఫొటోలో కూడా, టై పక్కన.

ఆయన స్వరాలకు నేను నకళ్లు రాసేదాన్ని.
సెతగయాలో పట్టాల వారన మేడగది,
రైలు పోయినప్పుడల్లా
సిరాబుడ్డిని చేత్తో అదిమి పట్టుకోవాలి.

రాత్రి పది దాటాక స్టూడియో నుంచి ఫోను:
"వాన సీనులో సంగీతం వద్దట. వాన చాలట."
ఊఁ అన్నారు, అంతే.
ఆ నలభై సెకన్లూ కత్తిరించి
బిస్కెట్ల డబ్బాలో పడేశారు.
కత్తియుద్ధాల్లోవి, ప్లాట్‌ఫారం ఏడుపుల్లోవి,
రబ్బరు రాక్షసి ఊరిని తొక్కేటప్పటివి,
ముప్ఫై ఏళ్లలో మూడు డబ్బాలు నిండాయి.

సినిమా మనిషని కచేరీల వాళ్లు,
కచేరీల మనిషని సినిమా వాళ్లు
కాస్త ఎడంగా జరిగి కూర్చునేవారు.

అరవై రెండో ఏట ఒక సింఫనీ.
రెండో భాగం నకలు తీస్తూంటే
నాకన్నా ముందు నా వేళ్లకు తెలిసింది:
ఈ వయోలాలు ఎరిగున్నవే.
ఇది ఆ వాన.
అడిగితే, "పాత చొక్కా గుండీలు" అన్నారు.

మొదటి ప్రదర్శన నాడు మూడో వరసలో
ఆనాటి దర్శకుడు, మోకాళ్ల మధ్య చేతికర్ర.
సరిగ్గా ఆ చోట తలెత్తి
పైకప్పు వంక చూశాడు.
వెళ్తూ వెళ్తూ, తీసుకురాని గొడుగు కోసం
తలుపు దగ్గర పిల్లవాణ్ని
రెండుసార్లు అడిగాడు.

ఆకాశం పొడిగా ఉంది.
కురమోచి గారు మెట్ల మీద నిలబడి
వాచీ నాకు చూపించారు:
"నలభై మూడు.
మూడు సెకన్లు సాగదీశారు, వెధవలు."